బయటి వరుస తెప్పలు

మేనేజరు ఒకునో తన చేత్తో టీ పోసి ఇచ్చినప్పుడే ఇసోయెకు ఏదో తేడాగా ఉందనిపించింది. ముత్యాల తోటలో మునిగే ఆడవాళ్ళకు ఆఫీసు గదిలో టీ ఇచ్చే ఆచారం లేదు. ఏ మాటైనా వాళ్ళు గుమ్మం బయట నిలబడే వింటారు, ఒంటి మీది ఉప్పునీళ్ళు లోపలి చాప మీద కారకుండా. ఇవాళ ఆయన లోపలికి రమ్మన్నాడు, కూర్చోమన్నాడు, తలుపు తనే జరిపి మూశాడు.

"చలి మొదలైంది కదా. మోకాళ్ళెలా ఉన్నాయి?"

"నీళ్ళలో ఉన్నంతసేపు బాగానే ఉంటాయండి. గట్టెక్కితేనే గొడవ."

ఒకునో నవ్వాడు. నవ్వుతూనే కిటికీ వైపు తిరిగాడు. కిటికీ అవతల అగో అఖాతం నీళ్ళు కదలకుండా పడి ఉన్నాయి. వాటి మీద వెదురు తెప్పలు వరుసలు వరుసలుగా, దున్నిన పొలంలా. ఒక్కో తెప్ప కింద తాళ్ళకు బుట్టలు, బుట్టల్లో చిప్పలు, చిప్పల్లో రెండేళ్ళుగా పెరుగుతున్న ముత్యాలు. వచ్చే నెల కోత.

"బయటి వరుసలో బుట్టలు తగ్గుతున్నాయి" అన్నాడాయన.

"మొన్నటి గాలికేమో."

"గాలికైతే లోపలి వరుసలోనూ పోవాలి కదా. పోయినవన్నీ బయటివే. కొండ చాటున, ఎవరికీ కనబడని వైపు." ఆయన టీ గిన్నెను పళ్ళెంలో ఒకసారి తిప్పాడు. "ఆ కొరియా మనిషి ఉందే, మల్‌సున్. అంత లోతుకు ఎవరి సాయం లేకుండా వెళ్ళగలిగేది ఆవిడొక్కతేనటగా."

"వెళ్తుందండి. చేజూ దీవి వాళ్ళు కదా. పుట్టుకతోనే ఊపిరెక్కువ."

"నేనేమీ అనడం లేదు. కాస్త కనిపెట్టి చూడమంటున్నాను, అంతే. నువ్వు పాత మనిషివి. నీకు తప్ప ఇంకెవరికి చెప్పుకోను?" అని లేచాడు. తలుపు తీయబోయి ఆగాడు. "అన్నట్టు, మీ అమ్మాయి మినెకో చెయ్యి బాగా నిదానం. చిప్ప నోరు తెరిచి ముత్యం కట్టే గింజ పెడుతుంటే చిప్పకే తెలియదంటున్నారు. వచ్చే ఏడు జీతం పెంచి పెద్ద బల్ల దగ్గర కూర్చోబెడదామనుకుంటున్నాను. చూద్దాం."

ఇసోయె వంగి నమస్కరించి బయటకు వచ్చింది. తాగిన టీ రుచి ఏమిటో గుర్తు లేదు గానీ, ఆ చివరి 'చూద్దాం' మాత్రం గొంతులో చేపముల్లులా నిలిచిపోయింది.

మునిగేవాళ్ళ గుడిసె ఒడ్డు మీదే ఉంది. మధ్యలో నిప్పు, చుట్టూ చాపలు. ఎవరి చాప ఎక్కడో ఎవరూ చెప్పనక్కర్లేదు. పొగ తగలని గోడ వారగా తొరా అవ్వ చోటు. డెబ్బై దాటినా ఆవిడ ఇంకా మోకాలి లోతు నీళ్ళలో నాచు ఏరుతుంది, అందరి మీదా పెత్తనం చేస్తుంది. ఆవిడ పక్కన ఇసోయె. ఇటు ఉమెనో, నోరు మూతపడని మనిషి. తలుపు దగ్గర, గాలి తిరిగినప్పుడల్లా పొగంతా ముఖానికి కొట్టే చోట, మల్‌సున్.

యుద్ధానికి ముందు చేపల నూనె మిల్లుకని మొగుడితో జపానుకు వచ్చింది. మిల్లు పోయింది, మొగుడూ పోయాడు, ఆవిడ ఉండిపోయింది. ముప్పై అయిదు, నలభై మధ్య వయసు. కండలు తిరిగిన పొడుగు కాళ్ళు. తక్కువ మాట్లాడుతుంది. మాట్లాడితే మాత్రం ఎదుటివాడు రెండో మాటకు తడుముకోవాలి.

"చిలగడదుంప కాలింది, తీసుకో మల్‌సున్" అంది ఉమెనో, నిప్పులోంచి ఒకటి దొర్లించి. "మీ దేశంలో దీన్నేమంటారు?"

"దుంపే అంటాం. కాకపోతే అక్కడ సగం విరిచి ఇవ్వం."

ఉమెనో తన చేతిలో దాచుకున్న రెండో సగం కేసి చూసుకుని పకపకా నవ్వింది. తొరా అవ్వ కూడా నవ్వింది. ఇసోయెకు నవ్వు రాలేదు. ఆవిడ మల్‌సున్ చేతుల్ని చూస్తూ కూర్చుంది. గోళ్ళ కింద నల్లటి బురద. చిప్పలు గీకే చేతులకు పచ్చటి నాచు అంటుతుంది, తెల్లటి సున్నం అంటుతుంది. నల్ల బురద అడుగున మాత్రమే ఉంటుంది. అడుగుకు వెళ్ళాల్సిన పని ఈ వారంలో ఎవరికీ లేదు.

ఒకసారి చూడడం మొదలుపెడితే కన్ను ఊరికే ఉండదు. ఇన్నాళ్ళూ కనబడనివన్నీ ఇసోయెకు కనబడసాగాయి. మల్‌సున్ అందరికంటే ముందు నీళ్ళలో దిగుతుంది. అందరి కంటే ఆఖర్న ఎక్కుతుంది. నడుముకు కట్టుకున్న వల సంచి ఎక్కేటప్పుడు చదునుగా ఉండదు. ఒంటి మీది తెల్ల గుడ్డకు అందరూ నల్లదారంతో రక్షరేకులా చుక్కగుర్తు కుట్టుకుంటే, ఆవిడ కుట్టుకోదు. ఇదివరకు వాళ్ళ పద్ధతి అది కాదేమో అనుకునేది ఇసోయె. ఇప్పుడు, సముద్రానికి భయపడని మనిషి ఇక దేనికి భయపడుతుంది అనిపించింది.

మర్నాడు మధ్య వరుసలో పని. తెప్పల కింద బుట్టలకు చిక్కుకున్న నాచు కోయాలి. ఇసోయె చెక్క తొట్టిని పక్కన తేలేసుకుని, గాజు అద్దం ఉమ్ముతో రుద్ది ముఖానికి కట్టుకుని మునిగింది. కింద ఆకుపచ్చ చీకటి. పైన తెప్పల నీడలు, వాటి సందుల్లోంచి దిగుతున్న వెలుతురు చారలు. చేయి తన పని తాను చేసుకుపోతోంది. నాలుగు బుట్టలు శుభ్రం చేసి పైకి తేలి, పెదాలు సున్నాలా చేసి ఊపిరి వదిలింది. ఆ వదిలే ఊపిరికి ఈల పుడుతుంది. మునిగే ప్రతి ఆడదానికీ ఒక ఈల. కళ్ళు మూసుకుని వింటే ఎవరు ఎక్కడ తేలారో చెప్పేయొచ్చు.

ఆ ఈల ఆగీ ఆగకముందే వెనకనుంచి ఇంకో ఈల వినబడింది. పొడుగ్గా, చివర్న విరిగినట్టు. మల్‌సున్‌ది అది. తల తిప్పితే ఆవిడ చెయ్యి చాపు దూరంలో ఉంది. నీళ్ళు కారుతున్న ముఖం, అద్దం వెనక కళ్ళు సూటిగా ఇసోయె తొట్టి మీద.

"నీ వరుస అటు కదా" అంది ఇసోయె.

"ప్రవాహం లాగింది."

ఆ పూట గాలీ లేదు, ప్రవాహమూ లేదు. ఇసోయె అద్దం సరిచేసుకుంది. మళ్ళీ మునిగింది, మళ్ళీ తేలింది. ఆ విరిగిన ఈల మళ్ళీ దగ్గర్లోనే వినబడింది. తనను ఎవరైనా గమనిస్తున్నారేమోనని దొంగే తిరిగి తిరిగి చూసుకుంటుంది అనుకుంది ఇసోయె. గుమ్మడికాయల సామెత ఊరికే పుట్టలేదు.

మధ్యాహ్నం తర్వాత అందరూ నీళ్ళ మీద తేలే పలకల పంటు ఎక్కి చిప్పలు గీకడానికి కూర్చుంటే మల్‌సున్ కనబడలేదు. కాసేపటికి బయటి వరుస వైపు నుంచి ఈదుకుంటూ వచ్చింది, తొట్టి లేకుండా. తొట్టి లేకుండా మునిగిందంటే ఎక్కడ మునిగిందో ఒడ్డు మీదివాళ్ళకు తెలియకూడదనే. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళెవరికైనా అంతకంటే వేరే అర్థం తోచదు.

పొద్దు వాలుతుండగా ఇసోయె ఇంటికి పోకుండా కొండ చాటు బాట పట్టింది. పైన్ చెట్ల వెనకనుంచి చిన్న రాళ్ళ గుంట ఒకటి కనబడుతుంది. అక్కడ మల్‌సున్ రాతి మీద కూర్చుని ఉంది. నడుముకున్న వల సంచి విప్పింది. అందులోంచి ఏదో తీసి వెలుతురుకు పట్టి చూసింది. వేళ్ళతో నలిపింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత అటూ ఇటూ చూసి, ఒక బండ కింద దాన్ని తోసి, పైన చిన్నరాళ్ళు పేర్చింది. లేచి వెళ్ళిపోయింది.

ఇసోయె చెట్టు పట్టుకుని కిందికి వంగింది. దిగి చూడొచ్చు. పది అడుగుల దిగువన ఉంది బండ. కానీ పోటు వస్తోంది, రాళ్ళు తడిసి జారుతున్నాయి, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. అవన్నీ నిజమే. వాటి అడుగున ఇంకో నిజం కూడా ఉంది. చూస్తే అక్కడ ఏమీ లేకపోవచ్చు.

ఆవిడ దిగలేదు. నేరుగా ఆఫీసుకు వెళ్ళింది.

ఒకునో మళ్ళీ టీ పోశాడు. ఇసోయె తాను చూసింది చూసినట్టు చెప్పింది.

"చిప్పలేనా?" అన్నాడు.

"సంచిలో ఏదో ఉందండి."

"చిప్పలే అయి ఉంటాయి కదా?"

టీ గిన్నె వేడికి వేళ్ళు కాలుతున్నాయి. ఇసోయె దాన్ని కింద పెట్టలేదు.

"అయి ఉండొచ్చు" అంది.

"సరే. రేపు చౌకీ పోలీసును రమ్మంటాను. పరాయి దేశం మనిషి కదా, ఇక్కడ ఉండడానికిచ్చిన కార్డు అదీ పోలీసులే చూసుకుంటారు. నీ పేరు బయటకు రాదులే."

ఇంటికి వెళ్ళే దారంతా ఇసోయె తనతో తాను వాదించుకుంది. చిప్పలని తను అనలేదు. అయి ఉండొచ్చు అంది. అయి ఉండొచ్చు, కాకపోనూ వచ్చు. ఆ తేడా మేనేజరుకు తెలియదా? అంత చదువుకున్నవాడు.

ఇంటి తలుపు తీసే ఉంది. లోపల మినెకో మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. తల్లి బట్టల పెట్టె మూత తీసి ఉంది. మునిగేటప్పుడు కట్టుకునే గుడ్డలు, పాత జాకెట్లు, చనిపోయిన మొగుడి నడికట్టు, అన్నీ పక్కన మడతలు చెదరకుండా పేర్చి ఉన్నాయి. గింజలు పెట్టే ఆ సన్నటి వేళ్ళు ఒక జాకెట్టు అంచు కుట్టును తడుముతున్నాయి.

"ఏం వెతుకుతున్నావు?"

మినెకో ఉలిక్కిపడలేదు. చేతిలో జాకెట్టు మాత్రం మెల్లగా ఒళ్ళోకి జారింది. ముఖం పాలిపోయింది.

"ఎవరు చూడమన్నారు?" అంది ఇసోయె ఈసారి.

"మేనేజరు గారు." కూతురు గొంతు తనకే వినబడనంత చిన్నగా ఉంది. "పోయిన వారం పిలిచారు. బయటి వరుసలో చిప్పలు పోతున్నాయి, మీ అమ్మకు ఆ వైపు బాగా తెలుసు, నేనేమీ అనడం లేదు, ఇంట్లో ఏదైనా కనబడితే చెప్పు అన్నారు. పెద్ద బల్ల మాట కూడా అన్నారు."

"టీ ఇచ్చాడా?"

మినెకో అర్థంకానట్టు చూసి తలూపింది.

ఇసోయె గుమ్మం మీదే కూలబడింది. పొయ్యి వెలిగించలేదు. కాసేపటికి అడిగింది.

"నువ్వేం చెప్పావు?"

"మా ఇంట్లో ఏమీ లేదని చెప్పాను."

"వెతక్కముందు చెప్పావా, వెతికాకా?"

మినెకో తల వంచుకుంది. "వెతికాక. ఇవాళ మళ్ళీ చూడమన్నారు."

ఇసోయెకు కోపం రావాలి. రాలేదు. ఆ పిల్ల కనీసం పెట్టె తెరిచి చూసింది. తను బండ ఎత్తి కూడా చూడలేదు.

"మడతలు సరిగ్గా పెట్టు" అంది లేస్తూ. "అన్నం వండుతాను."

తెల్లవారినా మంచు ఇంకా నీళ్ళ మీదే ఉంది. మల్‌సున్ ఎప్పట్లాగే అందరి కంటే ముందు వచ్చి ఒడ్డున గుడ్డ బిగించి కట్టుకుంటోంది. ఇసోయె వెళ్ళి ఎదురుగా నిలబడింది. 

"ఒకునో గారు నన్ను నీ మీద కాపలా పెట్టారు" అంది.

మల్‌సున్ ముడి బిగించడం ఆపలేదు. "నన్ను నీ మీద పెట్టాడు."

"ఎప్పుడు?"

"నీకంటే ముందే అయి ఉంటుంది. నాకు టీతో పాటు బిస్కట్టు కూడా ఇచ్చాడు." ముడి వేసి, చివర లాగి చూసుకుంది. "నీ వెనకాల తేలడానికి నేనెంత అవస్థ పడ్డానో నీకేం తెలుసు. ముసలి తాబేలులా అక్కడక్కడే తిరుగుతావు. ఊపిరి మిగిలిపోయి నాకు విసుగు."

"బండ కింద ఏం దాచావు?"

మల్‌సున్ మొదటిసారి కళ్ళెత్తి చూసింది. ఆ చూపుకు ఇసోయె తల దించుకుంది.

"అదీ చూశావా. అయితే రా."

ఇద్దరూ బయటి వరుసకు ఈదారు. మల్‌సున్ ఆగిన చోట తెప్ప కింద తాళ్ళ వరుసలో సందులు, పళ్ళూడిన నోరులా. ఇసోయె గుండెల నిండా గాలి పీల్చి ఆవిడ వెంట మునిగింది. దిగేకొద్దీ చలి పళ్ళను పట్టుకుంది. చెవుల్లో నొప్పి మొదలైంది. ఇంత లోతుకు ఆవిడ వచ్చి ఏళ్ళయింది. మల్‌సున్ కాళ్ళు ముందు తెల్లగా కదులుతున్నాయి. తర్వాత అవి ఆగాయి.

అడుగున నల్లటి బురద. బురదలో సగం కూరుకుపోయి బుట్టలు. ఒకటి కాదు, వరుసగా, తెప్ప నీడ కిందే, పడిన చోటే. ఒక బుట్ట మీద ఆక్టోపస్ ఒకటి సొంత ఇంటి అరుగులా కూర్చుని వీళ్ళను చూసి రంగు మార్చుకుంది. చుట్టూ నోళ్ళు తెరిచిన ఖాళీ చిప్పలు. ఇసోయె ఒక బుట్టకున్న తాడు పట్టుకుని చివరిదాకా తడిమింది. కత్తి గాటైతే చివర చదునుగా ఉంటుంది. ఇది దూదిలా విడిపోయి ఉంది. చేతిలో నలిపితే పీచు పీచుగా ఊడి నీళ్ళలో కలిసిపోయింది.

ఊపిరి అయిపోయింది. పైకి ఎలా వచ్చిందో తెలియదు. వెదురు గడ పట్టుకుని వేలాడుతూ, ఈల కాదు, దగ్గు వచ్చింది. మల్‌సున్ ఒక చేత్తో ఆవిడ జబ్బ పట్టుకుని ఉంది.

"వేసవిలో కట్టిన కొత్త తాళ్ళు" అంది ఇసోయె, మాట కుదిరాక.

"ఒకునో దగ్గరుండి తెప్పించినవి. అప్పుడే కుళ్ళిపోయాయి. బండ కింద దాచినవి ఆ కొసలే. నాలుగు."

"తెలిసీ ఎందుకు చెప్పలేదు?"

"ఎవరికి?" మల్‌సున్ ఆవిడ జబ్బ వదిలేసింది. "పోయినవి ఎక్కడున్నాయో నేను చూపిస్తే నేనే పడేశానంటారు. తాడు కొస చూపిస్తే నేనే నానబెట్టానంటారు. నువ్వు చెప్తే కనుక్కోవడం అవుతుంది అక్కా. నేను చెప్తే ఒప్పుకోవడం అవుతుంది."

నీళ్ళు తెప్పను మెల్లగా తడుతున్నాయి. ఒడ్డు మీద గుడిసెలోంచి పొగ లేస్తోంది. ఇసోయెకు ఒకటే తోచింది.

"పోలీసు వస్తాడు ఇవాళ" అంది. "చెప్పింది నేనే."

మల్‌సున్ వెదురు గడ వదిలేసింది. ముఖానికి అద్దం కట్టుకుని మళ్ళీ మునిగింది. ఈసారి చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు చేతిలో ఒక బుట్ట ఉంది, బురద కారుతూ.

పంటు మీద పని సాగుతోంది. ఆడవాళ్ళంతా రెండు వరుసలుగా కూర్చుని, చిప్ప ఎడమచేతిలో పట్టుకుని, పొట్టి కత్తితో పెచ్చులు గీకుతున్నారు. ఆ గీకుడు చప్పుడు దూరానికి చిమ్మెటల రొదలా ఉంటుంది. ఒకునో టోపీ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన చౌకీ పోలీసు, ఇంకా మీసం సరిగ్గా రాని కుర్రాడు, బూట్లు తడవకుండా ఒక పెట్టె మీద ఎక్కి నిలుచున్నాడు.

ఇసోయె, మల్‌సున్ పంటు ఎక్కారు. ఇసోయె బుట్టను పలకల మీద పెట్టింది. బురద పాయలుగా ఒకునో చెప్పుల దాకా పారింది.

"బయటి వరుస కింద దొరికిందండి. అన్నీ అక్కడే ఉన్నాయి. తాడు తెగింది, కొయ్యలేదు."

ఒకునో వంగి తాడు కొస అందుకున్నాడు. వేళ్ళ మధ్య ఒకసారి నలిపాడు. ఆ పీచు వేళ్ళకు అంటుకుంది. చెయ్యి వెనక్కు పెట్టుకున్నాడు.

"ఎవరు కనుక్కున్నారు?"

అందరి కత్తులూ ఆడుతూనే ఉన్నాయి కానీ చెవులన్నీ ఇటే. నేనే అంటే సరిపోతుంది. మల్‌సున్ చెప్పిన లెక్కన అదే మంచిది కూడా. కానీ నేనే అంటే, ఇన్నాళ్ళూ ఆ మనిషి ఒంటరిగా మునిగి తెచ్చిందంతా మళ్ళీ తన సంచిలో వేసుకున్నట్టవుతుంది.

"ఈవిడ కనుక్కుంది. నేను వెళ్ళి చూశాను."

"అంటే ఇద్దరికీ తెలుసన్నమాట." ఒకునో గొంతు ఎప్పట్లాగే మెత్తగా ఉంది. పోలీసు కుర్రాడి వైపు చూశాడు. "ఎప్పటి నుంచి తెలుసో."

ఇసోయెకు అప్పుడు అర్థమైంది. ఈయన దగ్గర నిజం కూడా అనుమానంగానే మారుతుంది. నీళ్ళలో రాయి వేస్తే అలలు వచ్చినట్టు. ఆవిడ ఆయనతో మాట్లాడడం మానేసి ఆడవాళ్ళ వైపు తిరిగింది.

"నన్ను మల్‌సున్ మీద కాపలా పెట్టారు" అంది, పొరుగింటి సంగతి చెబుతున్నట్టు. "మల్‌సున్‌ను నా మీద పెట్టారు. మా మినెకోను కూడా నా మీదే పెట్టారు. ఇంకెవర్నైనా ఎవరి మీదైనా పెట్టారేమోనని అడుగుతున్నాను. ఉంటే కత్తి కింద పెట్టండి."

కత్తులు గీకుతూనే ఉన్నాయి. ఎవరూ తలెత్తలేదు.  తప్పు చేశాననుకుంది ఇసోయె. మినెకో మొహం కళ్ళ ముందు మెదిలింది.

అప్పుడు ఉమెనో చేతిలో చప్పుడు ఆగింది. ఎప్పుడూ నోరు మూతపడని ఉమెనో, మాట లేకుండా కత్తిని పలక మీద పెట్టింది. ఆవిడ పక్క మనిషి పెట్టింది. ఎదుటి వరుసలో ఒకావిడ పెట్టి, పక్కనున్న తన తోడికోడలి వైపు చూసింది. ఆ తోడికోడలు అప్పటికే పెట్టేసి ఉంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని చప్పున తల తిప్పుకున్నారు. ఒక్కొక్కటిగా చప్పుడు తగ్గుతూ తగ్గుతూ, పంటు చుట్టూ తట్టే నీళ్ళ చప్పుడు వినబడేంత నిశ్శబ్దమైంది.

ఒక్క కత్తి మాత్రం ఇంకా గీకుతోంది. తొరా అవ్వది. కాసేపటికి ఆవిడ తలెత్తి చుట్టూ చూసింది.

"ఏమే ఉమెనో, నిన్నెవరి మీద పెట్టారు?"

ఉమెనో కాలివేళ్ళ కేసి చూసుకుంటూ, "నీ మీదే అవ్వా" అంది.

"నా మీదా? ఆ బుట్ట ఎత్తితే నా నడుం రెండు ముక్కలవదూ?" అవ్వ ఒకునో వైపు తిరిగింది. "సరే, అది పోనీయండి. నన్నెవరి మీదా పెట్టలేదేం బాబూ? నాకు కళ్ళు లేవనా?"

ఎవరో ముక్కుతో నవ్వారు. ఆ నవ్వు ఇంకొకరికి పాకింది. సంతోషం నవ్వు కాదది. ఆగితే ఏడుపు వస్తుందేమోనన్నట్టు నవ్వారు. పోలీసు కుర్రాడు పెట్టె మీంచి దిగాడు. వచ్చిన పని ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి మల్‌సున్‌ను కార్డు అడిగాడు. ఆవిడ నూనెగుడ్డలో చుట్టి గుడిసెలో పెట్టుకున్న కార్డు తెచ్చి ఇచ్చింది. వాడు చూశాడు, తిరిగి ఇచ్చాడు, పడవ ఎక్కి పోయాడు.

ఒకునో టోపీ సర్దుకున్నాడు. 

"బుట్టలు పైకి తీయించండి" అన్నాడు చివరికి. వెళ్ళిపోయాడు. ఆ తాడు పీచు ఇంకా ఆయన పిడికిట్లోనే ఉంది.

మధ్యాహ్నం చిప్పల్లో గింజలు పెట్టే సాల నుంచి మినెకో అన్నం డబ్బా పట్టుకుని ఒడ్డుకు వచ్చింది. సంగతి అప్పటికే పాకిపోయింది. తల్లి పక్కన కూర్చుని, ఊరగాయ ముక్క కొరికి, "పెద్ద బల్ల పోయినట్టే" అంది.

"పోయినట్టే."

"అక్కడ వెలుతురు కూడా బాగుండదులే" అంది మినెకో. తన ముక్కల్లో పెద్దది తీసి తల్లి డబ్బాలో వేసింది.

గుడిసెలో ఆ పూట ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. తోడికోడళ్ళిద్దరూ ఎడంగా కూర్చున్నారు. పక్క మనిషి అడక్కుండానే ఒకరు టీ అందించారు, అందించిన టీని ఇంకొకరు తాగకుండా పక్కన పెట్టారు. ఒక్క ఉదయంలో పోయేది కాదది. ఎన్నాళ్ళు పడుతుందో తొరా అవ్వక్కూడా తెలియదు.

బుట్టలు తీయడానికి చిన్న పడవ ఒకటి ఇచ్చారు. బురద పట్టి బుట్టలు రాళ్ళలా బరువెక్కాయి. ఈదుతూ మోయడం కుదరదు. కింద ఒకరు తాడు కట్టాలి, పైన ఒకరు లాగాలి. కిందికి వెళ్ళేది మల్‌సునే అని ఎవరూ చెప్పనక్కర్లేదు. పైన ఎవరు అన్నప్పుడు గుడిసెలో ఎవరూ లేవలేదు. ఇసోయె లేచింది. మల్‌సున్ ఆవిడను ఎగాదిగా చూసి పడవ వైపు నడిచింది.

బయటి వరుస దాకా ఇసోయె తెడ్డు వేసింది. సగం దూరం పోయాక అడిగింది.

"నా మీద నువ్వేం చెప్పావు ఆయనకు?"

"చెప్పడానికేముంది? దొంగతనం చేసేంత చురుకు లేదన్నాను."

"అంతేనా?"

"అంతే. బిస్కట్టుకు అంతకంటే ఎక్కువ రాదు."

ఇసోయె తెడ్డు ఆపింది. "నేను చిప్పలే అయి ఉండొచ్చన్నాను. చూడకుండానే అన్నాను."

 పడవ తనంత తాను కొంచెం దూరం పోయి, తెప్ప అంచుకు తగిలి ఆగింది.

"ఆ కుర్రాడి చేతిలో నా కార్డు ఉన్నంతసేపు నాకు కాళ్ళలో బలం లేదు" అంది మల్‌సున్. "అది నీకు తెలియాలి. తెలుసుకో. ఏడవొద్దు, ఏడిస్తే నాకు పని పాడవుతుంది."

"ఏడవను."

మల్‌సున్ లేచింది. పడవలో ఉన్న చుట్ట తాడు తీసింది. ఇది పాత తాడు, లోపలి వరుసది. అంగుళం అంగుళం లాగి చూసుకుంది. ఒక కొస పడవకు కట్టి, రెండోది బుట్టలకని భుజానికి వేసుకుంది. కాసేపు ఆగి, ఇంకో సన్నతాడు తీసి తన నడుముకు కట్టుకుంది. చేజూ ఆడవాళ్ళు నడుముకు తాడు కట్టరు. ఎవరి ఊపిరి వాళ్ళది, ఎవరి రాక వాళ్ళది. ఆ తాడు రెండో కొస ఇసోయె చేతిలో పెట్టింది.

"అడుగున బురద లేస్తే నాకేమీ కనబడదు. రెండుసార్లు గుంజితే లాగు. ముందు లాగొద్దు, ఆలస్యమూ చెయ్యొద్దు."

"సరే."

మల్‌సున్ నీళ్ళలోకి జారింది. నడుము తాడు ఇసోయె వేళ్ళ మధ్య నుంచి చకచకా పోయింది, పోయింది, నెమ్మదించింది, ఆగింది. నీళ్ళ మీద నల్లటి బురద మబ్బులా పైకి లేచి పరుచుకుంది. ఏమీ కనబడలేదు. ఇసోయె పడవ అంచుకు మోకాలు ఆనించి, తాడును పిడికిట్లో బిగించకుండా, వదలకుండా పట్టుకుంది. తనకు తెలియకుండానే తనూ ఊపిరి బిగబట్టింది. మల్‌సున్ ఊపిరి ఎంతసేపు నిలుస్తుందో ఆవిడకు తెలుసు. అంతసేపూ అయింది. ఇంకొంచెం కూడా అయింది. లాగాలని చేతులు పీకుతున్నాయి. లాగలేదు.

తాడు ఒకసారి గుంజింది. ఆగింది.

ఇసోయె కదల్లేదు.

రెండోసారి గుంజింది. ఆవిడ లేచి, కాళ్ళు రెండూ పడవ పక్కలకు తన్నిపెట్టి, ఉన్న బలమంతా చేతుల్లోకి తెచ్చుకుని లాగసాగింది.